ఫ్రాంక్లిన్ నదికి పార్టీ ఉంది, నక్కవాగుకు ఎవరున్నారు?

పొద్దున ఒక కండువా, మాపటికి మరో కండువా వేసుకునే నాయకులను చూసి చూసి జనానికి విసుగు పుట్టింది. మన రాజకీయాల్లో పదవీ విరమణ అనే మాట ఎప్పుడో గాని వినిపించదు. వినిపించినా, కొడుక్కో కోడలికో టికెట్టు కుదిరిందన్నమాట. ఇటువంటి చోట కూర్చుని, పార్టీ బలంగా ఉండగానే తర్వాతివారికి చోటివ్వాలని తప్పుకున్న నాయకుడి గురించి వింటే వింతగానే ఉంటుంది. ఆస్ట్రేలియాలో పర్యావరణ పార్టీ అయిన గ్రీన్స్ నాయకుడు బాబ్ బ్రౌన్ 2012 ఏప్రిల్ 13న చేసింది అదే. అప్పటికి ఆయన వయస్సు 67. సెనేటులో ఆయన పార్టీకి 9 మంది సభ్యులున్నారు. దిగువ సభలో మెజారిటీ లేని లేబర్ ప్రభుత్వం గ్రీన్స్ మద్దతు తీసుకుని నడుస్తున్నది. అంత పలుకుబడి ఉన్న రోజున ఆయన నాయకత్వం వదిలి, జూన్‌లో సెనేటు సభ్యత్వం కూడా వదులుకున్నారు.

ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి సుల్తాన్‌పూర్ అని పాఠకులు అనవచ్చు. ఆయన తప్పుకున్నప్పుడు అక్కడి జనం, నాయకులు ఏమన్నారో చూస్తే, నలభై ఏళ్లుగా మన వాగులు, చెరువులు ఎందుకు ఇలా ఉన్నాయో కొంత అర్థమవుతుంది. అందుకే ఈ ప్రస్తావన.

బ్రౌన్ రాజకీయ కుటుంబంలో పుట్టినవాడు కాడు. డాక్టరు. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మానియా అనే ద్వీప రాష్ట్రం ఉంది. అక్కడ లాన్సెస్టన్ పట్టణంలో రోగులను చూసుకుంటూ ఉండేవాడు. 1976లో ఒక స్నేహితుడితో కలసి చిన్న పడవ మీద ఫ్రాంక్లిన్ నదిలో ప్రయాణం చేశాడు. ఆ నదిని ముంచుతూ విద్యుత్తు కోసం ఆనకట్ట కట్టాలని రాష్ట్ర విద్యుత్ సంస్థ తలపెట్టింది. డాక్టరు గారు స్టెతస్కోపు పక్కన పెట్టి ఆ నది వెంట పడ్డారు. ఆనకట్ట వస్తే ఉద్యోగాలు వస్తాయి, ఫ్యాక్టరీలు వస్తాయి, అడ్డుపడేవాళ్లు అభివృద్ధికి శత్రువులు అని ప్రభుత్వం, పెద్ద పార్టీలు ప్రచారం చేశాయి. ఈ మాటలు మనకు కొత్తవి కావు.

1981 డిసెంబరులో ఆ రాష్ట్రంలో ప్రజాభిప్రాయ ఓటింగు పెట్టారు. ఓటు చీటీ మీద రెండే గళ్లు. ఆనకట్ట ఇక్కడ కట్టాలా, అక్కడ కట్టాలా అని. అసలు వద్దు అనే గడి లేదు. అప్పుడు ఓటర్లలో దాదాపు మూడోవంతు మంది చీటీ మీద తమ చేతులతోనే ‘డ్యాం వద్దు’ అని రాసి పెట్టెలో వేశారు. ఆ ఓట్లు లెక్కకు రాకపోవచ్చు గాని, లెక్కపెట్టినవారు వాటిని చూడక తప్పలేదు. 1982 డిసెంబరులో నది దగ్గర పని జరగకుండా జనం అడ్డు కూర్చున్నారు. వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. బ్రౌన్ 19 రోజులు జైల్లో ఉండి, 1983 జనవరిలో బయటికి వస్తూనే ఖాళీ అయిన స్థానంలో రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టారు. ఆ మార్చిలో జరిగిన దేశ ఎన్నికల్లో ఫ్రాంక్లిన్ నది పెద్ద సమస్య అయింది. ఆనకట్ట ఆపుతామన్న లేబర్ పార్టీ గెలిచింది. వివాదం కోర్టుకు వెళ్లింది. 1983 జులై 1న అక్కడి అత్యున్నత న్యాయస్థానంలో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. ఒక్క న్యాయమూర్తి తేడాతో ఆనకట్ట ఆగింది. ఆ నది ఇవాళ్టికీ పారుతోంది.

ఇంత చరిత్ర ఉన్నవాడు తప్పుకున్నప్పుడు దేశం ఏమంది? ప్రధాని జూలియా గిల్లార్డ్ ఆయన నిజాయితీని మెచ్చుకున్నారు. అభిమానులు బెంగపెట్టుకున్నారు. పత్రికలు ఆయన లేకుండా పార్టీ నిలుస్తుందా అని రాశాయి. కలప కోత, గనుల పక్షాన మాట్లాడేవారు మాత్రం కన్నీరు కార్చలేదు. ఆయన వల్ల పనులు పోయాయని ముప్పై ఏళ్లుగా అంటున్న మాటను వదులుకోనూ లేదు. ఒక వర్గం దండం పెట్టింది, ఇంకో వర్గం పీడ వదిలిందనుకుంది.

మన దృష్టిలో ముఖ్యమైనది ఆ రెండో వర్గం. ఆయన పోతే ఊపిరి పీల్చుకున్నవారు ఉన్నారంటే, ఆయన ఉన్నన్నాళ్లూ వాళ్లకు భయం ఉండేదన్నమాట. ఆ భయం ఉపన్యాసాల వల్ల రాలేదు. ఒక నదిని ఓటుగా మార్చడం వల్ల వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పటాన్‌చెరులోనూ ఒక డాక్టరు ఉండేవారు. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు పేరు ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు చెప్పనవసరం లేదు. తన దగ్గరికి వచ్చే రోగులను చూసి, మందు చీటీ రాసి చేతులు దులుపుకోకుండా, రోగం నీళ్లలో ఉందని వీధిలోకి వచ్చిన మనిషి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ కె.పురుషోత్తంరెడ్డి కాలుష్యంపై పోరాటానికి చదువుకున్నవారిని కూడగట్టారు. వీరితోపాటు పేరు ఎక్కడా అచ్చుకాని రైతులు ఎందరో. పోచారం, చిద్రుప్ప, ఆరుట్ల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు నక్కవాగు కింద వరి వేసుకున్నవారు, వాగు నీళ్లు తాగిన పశువులను పోగొట్టుకున్నవారు, బాయి నీళ్లు రంగు మారితే ఎవరికి చెప్పుకోవాలో తెలియక కచేరీల చుట్టూ తిరిగినవారు.

1990లో ఈ గోడు సుప్రీంకోర్టుకు చేరింది. బాధిత గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని, పంట నష్టపోయిన రైతులకు పరిహారం చెల్లించాలని ఆ కేసులో ఆదేశాలు వచ్చాయి. 2001లో కేసు హైకోర్టుకు వచ్చింది. అక్కణ్నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. కేసు వేసిన నాడు పుట్టిన పిల్లవాడికి పెళ్లయి పిల్లలు పుట్టేటంత కాలం కాగితాలు నడిచాయి. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. టాంకర్లలో ఫ్యాక్టరీల నీళ్లు అక్కడికి తెచ్చి శుద్ధి చేసి వదలడం దాని పని. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించి రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థం వచ్చే ఆ చోట, శుద్ధి అయిందన్న నీటిలో ఒక్కో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. జ్వరానికి, ఇన్‌ఫెక్షన్‌కు డాక్టరు రాసే మందు అది. వాగు నీటిలో రోజూ అది పారితే సూక్ష్మజీవులు దానికి అలవాటు పడతాయి. అప్పుడు ఆస్పత్రిలో అదే మందు వేసినా రోగం లొంగదు. ఆ తర్వాత కాజీపల్లి చెరువులో జరిపిన పరిశోధన, అక్కడి సూక్ష్మజీవుల్లో అటువంటి మొండితనానికి కారణమయ్యే జన్యువులు పెద్దఎత్తున ఉన్నాయని 2014లో తేల్చింది. శుద్ధి చేసిన నీటిని వాగులో వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరం మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు కూడా చేశారు. మన వాగు బరువు మూసీ నెత్తిన పెట్టామన్నమాట.

ఇన్నేళ్ల పోరాటంలో ఆ పెద్దలను పొగడని పార్టీ ఏదైనా ఉందా? ఏ సభలో పిలిచినా శాలువా కప్పారు. అధికారంలో ఉన్నవారు పొగిడారు, ప్రతిపక్షంలో ఉన్నవారు పొగిడారు, కుర్చీలు మారినప్పుడు మళ్లీ పొగిడారు. బ్రౌన్‌కు తప్పుకున్ననాడు తిట్లు పడ్డాయి, మన ఉద్యమకారులకు పూలదండలు పడ్డాయి. దండలే పడ్డాయంటే గౌరవం ఎక్కువని మురిసిపోవలసిన పని లేదు. నక్కవాగు వల్ల ఈ నియోజకవర్గంలో ఏ అభ్యర్థీ డిపాజిట్టు పోగొట్టుకోలేదు. ఆ మాటకొస్తే నక్కవాగు వల్ల ఎవరికీ నిద్ర పట్టని రాత్రి లేదు, దాని ఒడ్డున ఉన్నవాళ్లకు తప్ప.

ఇక్కడ ఒక విడ్డూరం చెప్పుకోవాలి. 1972లో స్టాక్‌హోంలో జరిగిన తొలి ప్రపంచ పర్యావరణ సదస్సులో పేదరికం గురించి, ప్రకృతి గురించి మాట్లాడి పేరు తెచ్చుకున్న ప్రధాని ఇందిరాగాంధీ. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది ఆమె హయాంలోనే. 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పటాన్‌చెరు, బొల్లారం వాడల్లో ఫ్యాక్టరీలు చకచకా పెరిగినది ఆ దశాబ్దంలోనే. చట్టం చేసిన ప్రధానే మన ఎంపీ. అయినా ఆ చట్టం మన వాగు దాకా రావడానికి కోర్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చింది. కారణం వెతకడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. ఆ ఎన్నికల్లో గాని, తర్వాత జరిగిన ఏ ఎన్నికలో గాని వాగు నీళ్ల లెక్క చెప్పమని ఓటరు అడిగిన దాఖలా లేదు.

ఓటరు అడగగలడా అంటే, అడిగిన చోటు మన తెలుగు నేలమీదే ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన ఊళ్ల గోడు దేశానికి తెలియాలని జలసాధన సమితి తరఫున దుశర్ల సత్యనారాయణ ఆధ్వర్యంలో ఊరూరి రైతులు నామినేషన్లు వేశారు. ఎన్నికల సంఘానికి ఓటు చీటీ అచ్చువేయడమే గండమైంది. వాళ్లెవరూ గెలుస్తామనుకుని నిలబడలేదు. కాని నల్లగొండ నీళ్ల సంగతి ఏమిటని ఢిల్లీలో అడగడం మొదలైంది ఆ చీటీ చూశాకే. ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. టాస్మానియాలో చీటీ మీద వద్దని రాసినవారు, నల్లగొండలో చీటీనే పుస్తకం చేసినవారు ఒకే కోవకు చెందినవారు.

అయితే పార్టీ ఒకటి పెట్టేస్తే పని అయిపోతుందని మేము అనడం లేదు. బ్రౌన్ తప్పుకున్న మరుసటి ఏడాదే, 2013 ఎన్నికల్లో గ్రీన్స్ ఓట్లు తగ్గాయి. ఆయన పట్టుబట్టి తెప్పించిన కర్బన పన్నును కొత్త ప్రభుత్వం 2014 జులైలో రద్దు చేసింది. 2022లో దిగువ సభలో 4 స్థానాలు గెలిచిన పార్టీ, 2025లో ఒక్కటే నిలుపుకుని నాయకుడినే ఓడించుకుంది. ఒక మనిషి నీడన పెరిగిన చెట్టుకు ఎండ తగిలితే ఇలాగే ఉంటుందని విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఇంగ్లండులో ఇంకో రకం జరిగింది. 2010 నుంచి బ్రైటన్‌లో గెలుస్తూ వచ్చిన అక్కడి గ్రీన్ పార్టీ ఏకైక ఎంపీ కరోలిన్ లూకస్ ఇక పోటీ చేయనని 2023లో ప్రకటించారు. 2024 ఎన్నికల్లో ఆమె స్థానాన్ని అదే పార్టీ నిలుపుకుంది, పైగా ఒకటి ఉన్నచోట నాలుగు గెలిచింది.

బ్రౌన్ తర్వాత నాయకురాలైన క్రిస్టీన్ మిల్న్ కూడా టాస్మానియా మనిషే. పంతులమ్మ. 1989లో ఆ రాష్ట్రంలో వెస్లీ వేల్ అనే చోట పెద్ద కాగితపు గుజ్జు మిల్లు వస్తుంటే, దాని వ్యర్థాలు సముద్రంలో కలుస్తాయని రైతులను, జాలరులను కూడగట్టి ఆపించిన మనిషి. నాయకుడు దిగిపోతే ఆ స్థానంలోకి ఇటువంటివారు దొరకాలంటే ఊళ్లో అటువంటి పని ముందే జరిగి ఉండాలి. ఆమెను ఎవరూ ఎన్నికల ముందు రాత్రి వెతికి తేలేదు.

మన సుల్తాన్‌పూర్ ఇప్పుడు ఎక్కడుంది? ఔటర్ రింగురోడ్డు వచ్చింది. 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాదిరాయి పడింది. ఎకరం ధర వింటే తాతలు నమ్మరు. భూమి అమ్ముకున్నవారు ఇళ్లు కట్టుకున్నారు, అమ్ముకోనివారు ధర చూస్తున్నారు. ఇంట్లో ఒకరికైనా ఫ్యాక్టరీలో పని ఉంది. ఫ్యాక్టరీలు మూసేయమని ఎవరైనా అంటే ముందు ఈ ఊరే ఒప్పుకోదు, ఒప్పుకోనవసరమూ లేదు. మందు తయారు చేయడం వేరు, మందు తయారుచేసిన నీళ్లు రాత్రిపూట వాన చాటున వదలడం వేరు. పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. పక్షులు చూడటానికి నగరం నుంచి జనం వస్తారు. ఏడాది తిరగకముందే, 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా తేలాయి. ఆ చేపల మీద బతికే కుటుంబాల ముందు నిలబడి, మీ మండలానికి వారసత్వ స్థలం వచ్చిందని ఎవరు చెప్పగలరు?

2024లో సుల్తాన్‌పూర్ పంచాయతీ అమీన్‌పూర్ మునిసిపాలిటీలో కలిసింది. దీన్ని రోడ్లు, వీధిదీపాల లెక్కన చూస్తున్నారు గాని, పోయినది గ్రామసభ. చెట్టు కింద కూర్చుని, ఈ నీళ్లు మాకు వద్దు అని తీర్మానం రాసి సంతకాలు పెట్టే హక్కు పోయింది. దాని బదులు ఏముందో ఎవరూ చెప్పలేదు. కాబట్టి మేమే చెబుతాము.

కొత్త ఫ్యాక్టరీకి పర్యావరణ అనుమతి ఇవ్వడానికి ముందు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. అక్కడ ఎవరు మాట్లాడినా రికార్డు చేయాలి. ఈ సభలకు మనవాళ్లు రెండు రకాలుగా వెళ్తున్నారు. కంపెనీ బస్సులో పోయి భోజనం చేసి వచ్చేవారు ఒకరు, కోపంతో వెళ్లి కుర్చీలు ఎత్తి వచ్చేవారు ఇంకొకరు. మంచినీళ్ల పరీక్ష కాగితం పట్టుకుని వెళ్లేవారు కావాలి. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ముందే పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామికవాడ లోపల పెట్టే యూనిట్లకు ఈ సభ నుంచి మినహాయింపు ఉంది. అందుచేత వాడ పుట్టేటప్పుడే అడగాలి. పుట్టాక లోపల ఏ తలుపు తీసినా ఊరిని పిలవరు.

ఫ్యాక్టరీ నీటి పరీక్షల ఫలితాలు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో చెప్పాలి. పంట పోయినా, చేపలు చచ్చినా పరిహారం కోసం హరిత ట్రిబ్యునల్‌కు అయిదేళ్లలోపు వెళ్లవచ్చు. ఈ గడువు తెలియక మన రైతులు ఎందరో ఏడో ఏట వకీలును కలిసి ఉసూరుమంటున్నారు. చేప తేలిన రోజునే ఫొటో, తేదీ, సీసాలో నీళ్లు, పంచనామా ఉండాలి. మర్నాటికి వాన కురిస్తే సాక్ష్యం మంజీరలో కలిసిపోతుంది.

ఇదంతా ఎవరు చేస్తారు అన్నదే అసలు ప్రశ్న. ఇన్నాళ్లూ ఒక డాక్టరు చేస్తారులే, ఒక ప్రొఫెసరు చేస్తారులే అనుకున్నాం. వాళ్లు తమ వంతు చేశారు. ఆ పనికి పార్టీ లేదు, జీతం లేదు, వారసులను తయారుచేసే ఏర్పాటు లేదు. ఒక్కొక్క వార్డులో ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒక రైతు, ఒక ఫ్యాక్టరీ కార్మికుడు కలిసి నెలకోసారి కూర్చుంటే చాలు. కార్మికుణ్ని ఎందుకు అన్నామంటే, లోపల ఏ గొట్టం ఎటు పోతుందో అతనికే తెలుసు, ఆ గొట్టం పగిలితే మొదట దెబ్బ తినేదీ అతనే. ఇంతకాలం రైతు ఒకవైపు, కార్మికుడు ఒకవైపు నిలబడటం వల్ల లాభపడినవారు ఎవరో చెప్పనక్కర లేదు.

బాబ్ బ్రౌన్ తప్పుకున్నాక ఇంట్లో పడక కుర్చీలో కూర్చోలేదు. 2016లో టాస్మానియా అడవిలో చెట్లు నరుకుతుంటే అక్కడికి వెళ్లి, నిరసనలను అడ్డుకునే కొత్త చట్టం కింద అరెస్టయ్యారు. అప్పటికి 71 ఏళ్లు. ఆ చట్టం మీదే కోర్టుకు వెళ్లారు. 2017 అక్టోబరులో అత్యున్నత న్యాయస్థానం అందులోని ముఖ్యమైన నిబంధనలు చెల్లవని కొట్టేసింది. పదవి లేని మనిషి గెలిచిన కేసు అది.

మన దగ్గర వార్డు ఎన్నికలు ఎప్పుడు వచ్చినా, ఓటు అడగడానికి వచ్చినవారి ముందు సుల్తాన్‌పూర్, గండిగూడెం, కాజీపల్లి ఓటర్లు ఒక సీసా నీళ్లు, ఒక కాగితం పెట్టాలి. ఈ నీటి పరీక్ష ఫలితం మూడు నెలలకోసారి వార్డు కార్యాలయం గోడ మీద అంటిస్తారా అని ఆ కాగితం మీద రాసి, కింద సంతకానికి జాగా వదలాలి. సంతకం పెట్టినవారి పేరు, పెట్టనివారి పేరు ఈ పేజీలో అచ్చువేయడానికి మేము సిద్ధం.